పదకొండు సెకన్ల వార్త

ఆఫీసులో అందరూ ఆవిడను కామాగారు అనేవారు. పేజీ అచ్చుకు వెళ్లే ఆఖరి నిమిషంలో కూడా ఒక కామా కోసం పోట్లాడుతుందని ఆ పేరు పెట్టారు. ఇరవై రెండేళ్లుగా ఆ పత్రికలో సబ్-ఎడిటర్. ఏడాది కిందట పేజీలు తగ్గించి సగం మందిని వెబ్ డెస్క్‌కు మార్చినప్పుడు ఆవిడా అక్కడికి వెళ్లింది. అక్కడ పని వేరు. సోషల్ మీడియాలో ఏది పాకిపోతోందో చూడాలి, పది నిమిషాల్లో మూడు పేరాలు రాసి శీర్షిక తగిలించి వదలాలి. ఏ వార్తను ఎంతమంది చదువుతున్నారో గోడ మీది తెర ఎప్పటికప్పుడు చూపిస్తూ ఉంటుంది.

ఆ రోజు భోజనాల వేళ దాటాక ఒక వీడియో వచ్చింది. పదకొండు సెకన్లు. స్కూలు బస్సు డ్రైవర్ ఒకడు ఆరేడేళ్ల పాపను జబ్బ పట్టుకుని ఈడ్చుకొచ్చి పేవ్‌మెంట్ మీదికి విసిరేశాడు. కొట్టబోతున్నట్టు చెయ్యెత్తాడు. అక్కడితో ఆగిపోయింది. అతని వీపే తప్ప ముఖం కనిపించలేదు.

"ఏ స్కూలండీ ఇది? ఒక్క ఫోన్ చేసి కనుక్కుంటాను," అంది కామాగారు.

"మిగతావాళ్లు పెట్టేశారు మేడం," అన్నాడు డెస్క్ ఇన్‌ఛార్జి, గోడ మీంచి కళ్లు తిప్పకుండా. ఆవిడ కంటే పదిహేనేళ్లు చిన్నవాడు. "మీరు కనుక్కునేలోపు చల్లారిపోతుంది. ముందు వదిలేయండి, తర్వాత చూసుకుందాం."

ఆవిడ వీడియోను నాలుగుసార్లు చూసి రాసింది. ‘పసిపాపపై డ్రైవర్ దాష్టీకం అంటూ ఆరోపణ’ అని శీర్షిక పెట్టింది. ఫోన్లో చూస్తే అది రెండో వరుసలోకి జారుతోంది. చివరి రెండు మాటలు తీసేసింది. ఒక్క వరుసలో చక్కగా కుదిరింది.

అరగంటలో ఆ వార్త గోడ మీద మొదటి స్థానానికి ఎక్కింది. "చూశారా మేడం, మీ చెయ్యి పడితే అంతే," అన్నాడు ఇన్‌ఛార్జి. ఆవిడకు లోలోపల సంతోషం కలగకపోలేదు.

అప్పుడే తమ్ముడి భార్య ఫోన్ చేసింది.

"వదినా, మీ పేపర్లో వచ్చింది చూశారా? ఆ బస్సు డ్రైవర్ది?"

"చూశానమ్మా. ఏం?"

"అది మీ తమ్ముడే వదినా." అంటూనే ఏడ్చేసింది. "మీ పేపర్లో కూడా వచ్చాక ఇంకేం మాట్లాడతామని స్కూలువాళ్లు రేపట్నుంచి రావద్దన్నారు. ఇంటి ముందు జనం ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. మీరొకసారి రండి."

కామాగారు వీడియోను అయిదోసారి పెట్టింది. కుడి భుజం కాస్త ఎగరేస్తూ వేసే ఆ అడుగు, ఎంత దూరం నుంచి వస్తున్నా తను పోల్చుకునే అడుగు. ఇందాక నాలుగుసార్లు చూసింది. నాలుగుసార్లూ ఒక డ్రైవర్ కనిపించాడంతే.

విషయం చెప్పగానే ఇన్‌ఛార్జి వార్త తీసేశాడు. కానీ అప్పటికే మూడు చానెళ్లు ఆవిడ శీర్షికనే అక్షరం పొల్లు పోకుండా చదువుతున్నాయి. ‘ప్రముఖ దినపత్రిక కథనం ప్రకారం’ అని ముందు తగిలించి మరీ.

ఆవిడ వెళ్లేసరికి తమ్ముడు వంటింట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. వీధి గదిలో కూర్చుంటే కిటికీలోంచి వీడియో తీస్తున్నారట.

"స్కూలు పక్క గోడౌన్ లారీ వెనక్కొస్తోందక్కా," అన్నాడు. "మంచినీళ్ల సీసా పడిపోయిందని పాప దాని చక్రాల వెనక వంగింది. అరిచాను, వినలేదు. పట్టుకుని లాగేశాను. నెట్టానో విసిరానో నాకే తెలీదు. ఆ భయంలో చెయ్యి లేచింది గానీ కొట్టలేదు." అక్క వైపు తిరిగాడు. "ఆ రాసినవాడెవడో ఒక్కసారి నన్ను అడిగుంటే చెప్పేవాణ్ణి. ఎవడక్కా వాడు? నీకు తెలిసే ఉంటుంది."

వార్త కింద ‘వెబ్ డెస్క్’ అని తప్ప పేరు లేదు.

"నేనేరా," అంది కామాగారు.

అతను నవ్వబోయి, అక్క ముఖం చూసి ఆగిపోయాడు. మరదలు గుమ్మంలోనే నిలబడిపోయింది. తమ్ముడు, "ముఖం కనపడలేదు, సరే. నా నడక కూడా తెలీలేదా అక్కా?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆ స్కూలు దగ్గరికి వెళ్లి, పాపను దింపడానికి వచ్చిన తల్లిని పలకరించింది. తనెవరో దాచకుండా చెప్పింది.

"వీడియో చూశాక నాకు ఒళ్లు తెలీలేదండీ," అంది తల్లి. "స్కూలువాళ్లు ఆయన మీద ఫిర్యాదు రాసిస్తే సంతకం పెట్టేశాను."

కామాగారు పాప ముందు గొంతుక్కూర్చుంది. "మొన్న ఏం జరిగిందమ్మా?"

"నిన్న," అని దిద్దింది పాప. "నా సీసా లారీ కిందికి వెళ్లింది. తీసుకుంటుంటే డ్రైవర్ అంకుల్ లాగేశాడు. లారీ సీసాని తొక్కేసింది."

"మరి అమ్మకు చెప్పలేదా?"

"అమ్మ కొట్టాడా అని అడిగింది. లారీ గురించి ఎవరూ అడగలేదు."

తల్లి పాపను దగ్గరికి లాక్కుంది.

ఎదురుగా ఉన్న రంగుల దుకాణం కెమెరాలో అంతా ఉంది. లారీ రావడం, పాప వంగడం, తమ్ముడు పరుగెత్తడం. అతను లాగిన మరుక్షణం పాప తల ఉన్నచోటి మీదుగా చక్రం దొర్లింది. దుకాణం యజమాని చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

మధ్యాహ్నానికి ఆవిడ ఆ వీడియోతో సహా అసలు సంగతి రాసి వెబ్‌లో పెట్టింది. తప్పు మాదేనని మొదటి వాక్యంలోనే రాసింది. సాయంత్రానికి నాలుగు వందల పన్నెండు మంది చదివారు. మొదటి వార్తను తీసేసేలోపే నాలుగు లక్షల మంది చదివారు.

"ఇది నడవట్లేదు మేడం," అన్నాడు ఇన్‌ఛార్జి. వెటకారం కాదు, నిజంగానే బాధపడుతున్నాడు. దాని కింద ఎవరో రాశారు: ‘ఆ డ్రైవర్ మీ పత్రికలో పనిచేసే ఆవిడకు తమ్ముడంట. అందుకే మాట మార్చారు.’ ఆ ఒక్క మాటను మాత్రం వేలమంది పంచుకున్నారు. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. అందులో అబద్ధం వెతుకుదామంటే, సగం నిజమే.

ఎడిటర్‌తో పోట్లాడి మర్నాటి అచ్చు పత్రిక మొదటి పేజీలో సవరణ వేయించింది. కింద తన పేరు పెట్టించుకుంది. స్కూలువాళ్లు తమ్ముణ్ణి తిరిగి పిలిచారు. పాప తల్లి ఫిర్యాదు వెనక్కి తీసుకుని, అతని ఇంటికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. అతను వారం రోజులు వెళ్లాడు. ప్రతి స్టాపులోనూ పిల్లల్ని ఎక్కించే పెద్దవాళ్లు ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడుతుంటే, తనే మానేశాడు. ఇప్పుడు ఒక బేకరీ వ్యాన్ నడుపుతున్నాడు. కామాగారు వెబ్ డెస్క్ వదిలి పాఠకుల ఉత్తరాల పేజీకి అడిగి మరీ మారింది.

రెండు నెలలకు అతను మళ్లీ అక్క ఇంటికి భోజనానికి రావడం మొదలుపెట్టాడు. ఒకసారి తింటూ తింటూ, "ఆ మొదటి వీడియో ఇంకా తిరుగుతోందా అక్కా?" అని అడిగాడు.

"తిరుగుతోందిరా."

"ఎంతమంది చూసుంటారు?"

రోజూ పొద్దున లేవగానే ఆవిడ చూసేది ఆ అంకెనే. "చూడలేదురా," అంది.

అతను తలూపి మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు.