రంగం శౌరయ్య పుట్టిన ఊరు

శౌరయ్యను పట్టుకున్నప్పుడు ఆయన ఒడి నిండా పత్తి ఉంది. దాన్ని దించనివ్వలేదు పోలీసులు. చేతులు వెనక్కి విరిచి కట్టేసరికి ఒడిముడి ఊడిపోయి, చాలు పొడుగునా తెల్లగా రాలుతూ పోయింది. ఆదిశేషయ్య గారి చేలో, పట్టపగలు, మా కూలి ముఠా అంతా చూస్తుండగా జరిగింది ఇది. నా చంకలో ఎనిమిది నెలల కూతురుంది. అదీ చూసింది.

ఇన్‌స్పెక్టరు కాగితం తీసి చదివాడు. "ఇతడు బర్మా దేశస్థుడు. విదేశీయుల చట్టం కింద నిర్బంధిస్తున్నాం. శనివారం మద్రాసులో ఓడ ఎక్కించి దేశం దాటిస్తాం."

మొదట నవ్వింది మా అత్త జోజమ్మ. ఆమె నవ్వితే అందరం నవ్వాం.

"ఓరయ్యా, వీడి బొడ్డు కోసింది మా అమ్మ. వేణ్ణీళ్ళు కాచింది నేను. ఈ తిరువూరు పేటలో, మా వసారాలో పుట్టాడు. వీడు బర్మావోడేంది?"

"నోటిమాట చెల్లదమ్మా. కాగితముంది."

గట్టు మీద గొడుగు కింద నిలబడ్డ ఆదిశేషయ్య గారు అప్పుడు నోరు విప్పాడు. "పరాయి దేశపోణ్ణి నమ్ముకుని నా చేలో నాకే ఎదురు తిరిగార్రా. ఇప్పుడు నవ్వండి."

మా నవ్వు ఆగిపోయింది.

చదువుకునే తమ్ముళ్ళూ, కూలికి పోయే అక్కలూ, శౌరయ్య ఎవరో మీకు చెప్పాలి. మా పేటలో ఆయన్ని రంగం శౌరయ్య అంటారు; రంగం అంటే రంగూను. శౌరయ్య తండ్రి అక్కడ బియ్యం మిల్లులో కూలీ. చంటిపిల్లాడైన శౌరయ్యను ఎత్తుకుని తల్లి ఓడెక్కింది. అక్కడే పెరిగాడు, రేవులో బస్తాలు మోశాడు, సంఘం పెట్టి జైలుకెళ్ళాడు. అరవై నాలుగులో అక్కడి ప్రభుత్వం మీరు ఇండియావాళ్ళు, పొండి అని తరిమితే, ఒక రేకుపెట్టెతో తల్లి పుట్టిన పేటకు తిరిగొచ్చాడు.

పోలీసులు ఆయన్ని తీవ్రవాది అంటారు. మా పేటలోనూ ఆయనంటే పడనివాళ్ళున్నారు. అడిగితే భూమి రాదు, బంజరు మనమే దున్నాలంటాడు. నిరుడు ఆదిశేషయ్య గారి వరివామి కాలినప్పుడు అందరి కళ్ళూ ఆయన వైపే తిరిగాయి. కాల్చాడో లేదో నాకు తెలీదు. అడగడానికి నాకు భయం వేసింది.

కానీ ఆయన మాకో పద్ధతి నేర్పాడు. చేలోకి దిగేముందు ముఠా గట్టు మీద నిలబడి తలలు లెక్కపెట్టుకోవాలి. మేం పద్దెనిమిది మందిమి. ఒక్క తల తగ్గినా ఎవరూ దిగకూడదు. పోయినేడు మా అత్తకు చేతులు ఆడటం లేదని ఆదిశేషయ్య గారు ఆమెను గట్టు మీదే ఆపేశాడు. మిగతా పదిహేడు మందిమీ గట్టు మీదే నిలబడ్డాం. ఎండ నడినెత్తికి వచ్చింది, ఎవరూ కదల్లేదు. చివరికి "దిగండ్రా, ముసల్దాన్ని కూడా దించండి" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయనకు శౌరయ్య మీద కన్ను.

మర్నాడు మా అత్తా, నేనూ, నా మొగుడు శాంతయ్యా ఇన్‌స్పెక్టరును ఆ కాగితం చూపించమని అడిగాం. ఆయన ఫైలు విప్పి మా ముందు తిప్పి పెట్టాడు.

అక్షరాలు చూడగానే గుర్తుపట్టాను. ఆ దస్తూరి నాది.

నాలుగేళ్ళ కిందటి మాట. నేను కొత్తకోడలిగా వచ్చిన ఏడు. బర్మా నుంచి తిరిగొచ్చిన కాందిశీకులకు ఇళ్ళ స్థలాలిస్తున్నారన్నారు. దేవానందం మాస్టారు చెబుతుంటే నేను శౌరయ్య పేరున దరఖాస్తు రాశాను. "ఇక్కడ పుట్టాడని రాస్తే, నీ ఊళ్ళో నీకు ఇల్లు లేదా అని తోసేస్తారమ్మా. రంగూనులోనే పుట్టాడని రాయి" అన్నాడు మాస్టారు. రాశాను. మా అత్త మొదలు పదకొండు మంది సాక్షులుగా వేలిముద్రలు వేశారు. మూడు సెంట్ల స్థలం వచ్చింది. అందులో వేసిన గుడిసెలోనే మేం మీటింగులు పెట్టుకున్నాం. అందులోనే ఆడవాళ్ళకు నేను అక్షరాలు దిద్దించాను. ఆ గుడిసె ఒక్క అబద్ధం మీద నిలబడిందని మేమందరం మర్చిపోయాం.

"చర్చిలో ఆయన జ్ఞానస్నానం రాసిన పుస్తకం ఉంటుంది కదండీ" అన్నాను ఇన్‌స్పెక్టరుతో. అప్పటికే ఆరా తీశారట. ఆ ఏటి పుస్తకం చెద తినేసింది.

ఫైల్లో ఉన్న దరఖాస్తుకు ఆఫీసు ముద్ర లేదు; అది మాస్టారి ట్రంకు పెట్టెలో ఉండే నకలు. నేను అక్కడి నుంచి నేరుగా ఆయన ఇంటికే వెళ్ళాను.

ఆయన ఎవరో తెలిస్తే గానీ నా కడుపుమంట మీకు తెలీదు. మా పుట్టింటి ఊరు పెనుగొలనులో నాకు బళ్ళో చదువు చెప్పింది ఆయనే. మా నాన్న పోయి ఎనిమిదో తరగతిలో నా చదువు ఆగిపోతే, నాకంటే ముందు కళ్ళు తుడుచుకున్నది ఆయనే. తన పేటలో సంబంధం చూసి నన్ను ఇక్కడికి కోడలిగా తెచ్చిందీ ఆయనే. మా వాళ్ళలో మొదట మెట్రిక్ ప్యాసైన మనిషి.

"రా అమ్మా ప్రేమావతీ. పాపకి జ్వరం తగ్గిందా?"

"ఆ కాగితం మీ పెట్టెలోంచి పోలీసులకెట్లా పోయింది మాస్టారూ?"

కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. "అడిగారు. ఇచ్చాను."

"అది అబద్ధమని మీకు తెలీదా? మీరే కదా చెప్పి రాయించింది?"

"నేను చెప్పినట్టు అందులో ఎక్కడుంది? దస్తూరి నీది. ముద్రలు పేటవాళ్ళవి. నేనొక్క అక్షరం మార్చలేదు."

ఆయనే మళ్ళీ అన్నాడు, బళ్ళో పాఠం చెప్పినంత నెమ్మదిగా. "శౌరయ్య వల్ల పేట తగలబడిపోతుందమ్మా. ఆదిశేషయ్య గారు బడికి రెండు గదులు కట్టిస్తానన్నారు. రేపు నీ కూతురు చదవొద్దా? ఒక్కడు పోతే అందరూ బాగుపడతారు."

"మీరు మాకు చెప్పిన లెక్కల్లో ఒకటి తీసేస్తే మిగిలేది పెరుగుద్దా మాస్టారూ?"

ఆయన లేచి నిలబడ్డాడు. "నిజం చెబుతానంటే పోయి చెప్పు. దొంగ దరఖాస్తు రాసినందుకు జైలు. చంటిపిల్ల తల్లివి. ఆలోచించుకో."

నాలో ఉన్న భయం ఎక్కడుందో ఆయనకు తెలుసు. సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు.

బుధవారం సబ్‌జైలు ఊచల దగ్గర శౌరయ్యను చూశాం. మొహం వాచి ఉంది. నేను ఏడుస్తుంటే నవ్వాడు.

"ఏందే పిల్లా, ఓడ ఖర్చు వాళ్ళదేలే. అక్కడ ఇండియావోడివి పో అన్నారు. ఇక్కడ బర్మావోడివి పో అంటున్నారు. సముద్రం నడిమధ్యలో ఊరేదన్నా ఉందేమో చూడు, ఇంకో దరఖాస్తు రాద్దువుగాని."

"నేను వెళ్ళి నిజం చెప్పేస్తాను బాబాయ్."

ఆయన నవ్వు ఆగింది. "నోరు మూసుకో. నిజం చెబితే ఆ స్థలం లాక్కుంటారు. గుడిసె పోతే మీరు కూచునే చోటు పోద్ది. నేను పోతే ఒక్కణ్ణే గదా పోయేది."

గురువారం మధ్యాహ్నం గుడిసెలో పేటంతా చేరింది. ఆయన చెప్పిన మాట చెప్పాను. అంతోనయ్య ముందుగా లేచాడు. మాటకు ముందు వెటకారం వచ్చే మనిషి.

"ఆయనే వద్దంటున్నాడుగా. అయినా నేను ముద్ర వెయ్యలేదు. నాకేంది ఈ గొడవ?"

"ముద్ర వెయ్యలేదు గానీ, నాలుగేళ్ళ నుంచి ఈ నీడన కూచుని బీడీలు తాగట్లేదా?" అంది మా అత్త.

"బీడీకి కూడా జైలేనా పిన్నీ?"

నవ్వారు. శాంతయ్య నవ్వలేదు. "మీకేం, నవ్వుతారు. నా పిల్ల పాలు తాగుతోంది. దీన్ని జైలుకి పంపి నేనేం చెయ్యను? నేనివ్వనా పాలు?"

దానికి ఎవరూ నవ్వలేదు. అందరి కళ్ళూ నా ఒళ్ళో పిల్ల మీద పడ్డాయి. నిజం చెప్పాలంటే, ఎవరైనా ఒక్కరు "వద్దులే ప్రేమావతీ" అంటే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంది.

మా అత్త నెమ్మదిగా అంది. "పోయినేడు నన్ను గట్టు మీద ఆపితే, ఒక్క ముసల్దే గదా పోయేది అని శౌరిగాడు అన్లేదే! ఇప్పుడు తన మటుకు తాను ఒక్కణ్ణే అంటే మనం వినాలా? ముద్ర ఏసింది నేను. అబద్ధం నాది. నేను పోతా."

"రాసింది నేను అత్తా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను. "రాసింది నేను. నేనే చెబుతాను."

శాంతయ్య లేచి బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చి పిల్ల గుడ్డల మూట నా పక్కన పెట్టాడు.

శుక్రవారం పొద్దున్నే తాలూకా కచేరీకి వెళ్ళాం. నేనూ, ముద్రలు వేసిన పదకొండు మందీ. బెజవాడ నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు ఉన్నాడు. మంచిగా మాట్లాడాడు. నన్ను కుర్చీలో కూచోబెట్టాడు. మా బతుకులో కచేరీలో కుర్చీ వెయ్యడం అదే మొదలు. నేను చెబుతుంటే గుమాస్తా రాశాడు. పుట్టిన వసారా, బొడ్డు కోసిన మనిషి, ఓడెక్కిన తల్లి. మాస్టారి పేరు చెప్పినప్పుడు గుమాస్తా ఆఫీసరు మొహం చూశాడు. "రాసుకోవయ్యా" అన్నాడు ఆఫీసరు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కొక్కరినే పిలిచి, ఒక్కొక్క మాటా రెండేసి సార్లు అడిగి, ముద్రలు వేయించుకున్నాడు. మధ్యలో వెనకవైపు, సబ్‌జైలు దగ్గర, మోటారు బండి చప్పుడైంది. పట్టించుకోలేదు నేను. పిల్లకు పాలిస్తున్నాను.

చివరి ముద్ర పడ్డాక ఆఫీసరు ఫైలు మూశాడు. "మీ వాంగ్మూలం పైకి పంపిస్తాం."

"మరి శౌరయ్యను వదిలిపెడతారా సార్?"

"ఉత్తర్వు అమలైపోయిందమ్మా. గంట కిందటే మద్రాసు పంపేశాం."

ఆ కుర్చీ ఎందుకు వేశాడో అప్పుడర్థమైంది. శౌరయ్యను వెనక గుమ్మం గుండా దాటించేదాకా మమ్మల్ని ముందు గదిలో కూచోబెట్టడానికి. మాస్టారు నా చేత అబద్ధం రాయించి అమ్ముకున్నాడు. ఈయన నా చేత నిజం చెప్పించి అమ్ముకున్నాడు.

"ఇక, అబద్ధపు దరఖాస్తు ఇచ్చామని మీరే ఒప్పుకున్నారు కాబట్టి..." అంటూ ఆఫీసరు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు.

అప్పుడు గుమ్మం దగ్గర తోపులాట. అంతోనయ్య, వెనక మా ముఠాలోని మిగతా నలుగురూ. శాంతయ్య కూడా వాళ్ళలోనే ఉన్నాడు.

"మమ్మల్నీ రాసుకోండి సార్."

"మీ ముద్రలు అందులో లేవుగా?"

"ఇప్పుడేస్తాం. ఆ సిరా డబ్బా ఇటు జరపండి" అన్నాడు అంతోనయ్య.

ఆఫీసరు వద్దన్నాడు. వాళ్ళు కదల్లేదు, కచేరీ గుమ్మానికి అడ్డంగా కూచున్నారు. సాయంత్రానికి మాతో పాటు వాళ్ళనీ లోపలేశారు. సబ్‌జైలు గుమాస్తా రిజిస్టరు తీసి, పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు అని అడుగుతూ అలిసిపోయి, "నీకు రాయడం వచ్చంటగా, నువ్వే నింపు" అని కలం నా చేతికిచ్చాడు. పదిహేడు సార్లు రాశాను. ప్రతి మనిషినీ అడిగి, ఏ ఊళ్ళో పుడితే ఆ ఊరే రాశాను.

శనివారం ఓడ కదిలిపోయింది. ఆదివారం పొద్దున్నే ఆకాశం మబ్బేసింది. ఆదిశేషయ్య గారి చేలో పత్తి పగిలి వేలాడుతోంది. ఆయన పెనుగొలను నుంచి ఇంకో ముఠాను పిలిపించాడట. వాళ్ళు గట్టు మీద నిలబడి, మా సంగతి విని, దిగకుండా తిరిగిపోయారట.

ఆయనే వచ్చాడు జైలు దగ్గరికి. వెనక దేవానందం మాస్టారు, చేతిలో జామీను కాగితాలు.

"జామీను నేనిస్తున్నా. మాస్టారు సంతకం పెడతాడు. బయటికి రండి. వానొస్తే మొత్తం పోద్ది" అన్నాడు ఆదిశేషయ్య గారు.

మాస్టారు నా వైపు చూడకుండా అన్నాడు. "పాప కోసమన్నా రా అమ్మా."

పిల్ల ఒళ్ళు మళ్ళీ వెచ్చబడింది. నా రవికకు తెలుస్తూనే ఉంది. ఒక్క మాట అంటే దీన్ని ఇంటికి తీసుకుపోతాను. శాంతయ్య వైపు చూశాను. తల దించుకున్నాడు. మా అత్త చేలో లెక్కపెట్టినట్టే, వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. చివరి వేలు నా మీద ఆగింది.

"పదిహేడు" అంది.

పిల్లను భుజం మార్చుకుని ఊచల దగ్గరికి వెళ్ళాను.

"ఒక తల తక్కువుందండీ" అన్నాను. "మేం చేలోకి దిగం."