స్పాంజిలో గుంట

లోవెల్ స్టెన్‌రుడ్ పిస్తోలు తెరిచి, తూటా ఉండే చోట చిటికెనవేలు పెట్టి తడిమాడు. ఖాళీ. కంటితో చూసినా వేలితో తడమందే నమ్మడు. ఇరవై రెండేళ్ళుగా షెరీఫ్ ఆఫీసు నేలమాళిగలో ఇదే పని. కిటికీ లేని గది, ఇనుప అరలు, నూనె వాసన. ఆ వాసన మిగతా బట్టలకు అంటుతుందని భార్య ఇంగా అతని చొక్కాలు విడిగా ఉతికేది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు అన్నీ కలిపే ఉతుకుతున్నాడు.

కౌంటరు అవతల డేల్ ప్రూయిట్ మోచేతులు ఆనించి నిలబడ్డాడు. పెళ్ళాన్ని కొట్టినందుకు జడ్జి అతని మీద రక్షణ ఉత్తర్వు ఇచ్చాడు. ఇల్లు వదలాలి, తుపాకులన్నీ ఒక రోజులోగా ఇక్కడ అప్పగించాలి.

“కూరగాయల కత్తి కూడా తెమ్మంటావా, పెద్దాయనా?”

లోవెల్ మీసాల్లో నవ్వుకున్నాడు. పదకొండేళ్ళుగా ఇద్దరూ కలిసి జింకల వేటకు వెళ్తున్నారు. ఇంగా పోయినప్పటి నుంచి ప్రతి నవంబరులోనూ డేల్ సగం జింకను కోయించి తెచ్చి ఇతని ఫ్రిజ్‌లో సర్ది వెళ్తాడు.

రైఫిల్‌కు, షాట్‌గన్‌కు నారింజరంగు చీటీలు కట్టాడు. పిస్తోలును దాని నల్లపెట్టెలో పెట్టబోయి ఆగాడు. పెట్టెలో బూడిదరంగు స్పాంజి. అందులో రెండు గుంటలు కోసి ఉన్నాయి. ఒకటి పిస్తోలుది. రెండోది పొడుగు గొట్టం రివాల్వర్‌ది.

“ఇందులోదేదీ?”

“ఎప్పుడో అమ్మేశా.”

కిందటి వేటలో అది డేల్ నడుముకు వేలాడుతుండగా లోవెల్ చూశాడు. వచ్చిన ఆయుధం రాయడానికి కాగితంలో గడులున్నాయి. రానిదానికి గడి లేదు. అనుమానం ఉంటే అడుగున రెండు ముక్కలు రాసి కోర్టుకు పంపవచ్చు. అతను ఎన్నడూ పంపలేదు. ఉన్నవన్నీ ఇచ్చేశానన్న మాట కింద డేల్ సంతకం చేశాడు. లోవెల్ ముద్ర వేశాడు.

మధ్యాహ్నం రొట్టె మధ్య జింకమాంసం పెట్టుకుని తింటుండగా డేల్ భార్య కొరీన్ ప్రూయిట్ మెట్లు దిగి వచ్చింది. ఎడమకంటి కింద పసుపుపచ్చగా కమిలి ఉంది. తుపాకులు ఇల్లు దాటేదాకా అక్కగారింట్లోనే ఉంటానని వారం రోజులుగా అక్కడే ఉంది.

“నాకు వాటి పేర్లూ తెలీవు, లెక్కా తెలీదు. అన్నీ ఇచ్చేశాడా లేదా, అది చెప్పండి చాలు.”

లోవెల్ నోట్లో ముద్ద నమిలి మింగాడు.

“ఇచ్చేశానని సంతకం పెట్టాడమ్మా.”

“మీరు చూసుకున్నారుగా. అయితే ఇవాళే ఇంటికెళ్ళిపోతాను. అక్క మొహం చూడలేకపోతున్నా.”

ఆమె మెట్లెక్కుతుంటే బూట్ల చప్పుడు వినిపించింది. పన్నెండు మెట్లు. పిలవడానికి అంతసేపు ఉంది. అతను రెండో రొట్టెముక్క చేతిలోకి తీసుకున్నాడు.

నాలుగున్నరకు డిప్యూటీ టాలక్ కాగితపు సంచి తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. టోపీ తీయలేదు. కొరీన్ ప్రూయిట్ అని మాత్రం చెప్పాడు. వంటగదిలోనట. పొయ్యి ఇంకా వెలుగుతూనే ఉందట. మొగుడు వాకిట్లో కూర్చుని, వీళ్ళు వస్తుంటే చేతులెత్తాడట.

“నీతో వేటకొచ్చేవాడేగా?”

“అవును.”

లోవెల్ చేతితొడుగులు వేసుకుని సంచి తెరిచాడు. పొడుగు గొట్టం రివాల్వర్. దాని నంబరు చదివి రాసుకున్నాడు. అక్షరం వంకర పోలేదు. హత్య కేసుల సాక్ష్యాలకు వేరే అర, వేరే తాళం. అందులో పెట్టి తాళం వేశాడు. టాలక్ వెళ్ళిపోయాడు.

ఐదు కొట్టింది. కోటు తొడుక్కుని దీపం ఆర్పబోయినవాడు అప్పగింతల అర దగ్గరికి వెళ్ళి నల్లపెట్టె మూత ఎత్తాడు. పిస్తోలు పక్కన స్పాంజిలో పొడుగాటి గుంట. అంచుల్లో నూనె ఇంకా తడిగానే ఉంది.