ఐదొందల నలభై మంది ఓనర్లు

మధ్యాహ్నం రెండుంబావుకి ఫోన్ మోగింది.

"యమునమ్మా, బస్సు సచ్చిపోనాది."

క్లబ్ బస్సు నడిపే సోములు గొంతు అది. మైదానం పక్కనున్న క్లబ్ ఆఫీసు గదిలో యమున కుర్చీలోంచి దిగ్గున లేచింది.

"ఎక్కడ?"

"సిలకపాలెం దగ్గర. రేడియేటర్ పేలిపోనాది. పొగ సూస్తే ఇటికల బట్టీలా ఉన్నాది."

"ప్లేయర్లేరీ?"

"పద్దెనిమిది మందీ రోడ్డు పక్కన కొబ్బరిబొండాలు తాగతన్నారు. కోచ్ పైడిరాజు బాబు మాత్రం తల పట్టుకుని కూకున్నాడు."

నాలుగింటికి మ్యాచ్. అరసవల్లి రోడ్డులో ఉన్న మైదానానికి చిలకపాలెం నుంచి పదిహేను కిలోమీటర్లు. ఆటగాళ్లలో ఎక్కువమంది భోగాపురం తీరం కుర్రాళ్లు. ప్రతి మ్యాచ్‌కీ అదే బస్సులో వస్తారు.

యమున అరసవల్లిలో టైలరింగ్ షాపు నడుపుతుంది. నాగావళి ఫుట్‌బాల్ క్లబ్‌కి సెక్రటరీ. ఆ క్లబ్‌కి యజమాని అంటూ ఒకడు లేడు, ఐదొందల నలభై మంది ఉన్నారు. మనిషికి ఒక్కటే షేరు. జీతగాళ్లు లేరు, వంతులున్నాయి. పొలానికి కాలవ నీళ్లు వంతులేసుకున్నట్టే ఇక్కడ పనులు వంతులేసుకుంటారు. మైదానం తడపడం ఒకరి వంతు, ఆటగాళ్లకి వండడం ఇంకొకరి వంతు. తగువొస్తే షేరు నంబరు వరసే తీర్పు. ఆ పద్ధతిలోనే జిల్లా లీగ్ గెలిచి, కిందటేడు రాష్ట్ర సూపర్ డివిజన్‌కి ఎక్కేశారు.

ఎక్కాక తెలిసింది, అక్కడ ఆడితే సరిపోదని. సొంత మైదానంలో ప్రతి మ్యాచ్‌కీ, మొదటి విజిల్ పడే సమయానికి, గ్యాలరీలో టికెట్ కొన్న ప్రేక్షకులు కనీసం ఐదొందల మంది ఉండాలి. ఆటగాళ్లూ, సెక్రటరీ లాంటి నిర్వాహకులూ లెక్కలోకి రారు. నాట్లప్పుడోసారి, కోతలప్పుడోసారి జనం తగ్గారు. రెండు హెచ్చరికలొచ్చాయి. మూడోసారి తగ్గితే ఈ మైదానంలో ఆడే లైసెన్సు రద్దు.

సరిగ్గా అప్పుడే విశాఖ నుంచి ప్రమోద్ అనే వ్యాపారి దిగాడు. క్లబ్‌ని కొంటానన్నాడు, జట్టుని విశాఖ తీసుకుపోతానన్నాడు. సర్వసభ్య సమావేశంలో సగం మంది చేతులెత్తబోతుంటే యమున లేచి నిలబడింది.

"ఈ సీజన్ అయిపోనివ్వండి. లైసెన్సు పోతే అమ్మకం కాగితం మీద నేనే నా చేత్తో సంతకం పెడతాను."

ఇవాళ విజయవాడ జట్టుతో సీజన్లో ఆఖరి మ్యాచ్. డివిజన్‌లో నిలవడానికి పాయింట్లు సరిపడా ఉన్నాయి. కావాల్సింది ఆడడానికి జట్టు, చూడడానికి ఐదొందల మంది.

యమున క్లబ్ వాట్సాప్ గ్రూపులో గబగబా టైపు చేసింది: "మన బస్సు చిలకపాలెంలో ఆగిపోయింది. ఎవరైనా బండి తీసుకెళ్లి ప్లేయర్లని తీసుకురండి. అర్జెంట్."

ఒక్కరూ జవాబివ్వలేదు.

ఆమె ఇంకోసారి ఫోన్ వైపు చూసేలోపు మ్యాచ్ కమిషనర్ జగన్నాధం ఆఫీసు గదిలోకి వచ్చాడు. పెళ్లి భోజనంలో కూడా గడియారం చూసుకునే రకం. అంబులెన్సు కాగితం, డాక్టరు కాగితం, మైదానం కొలతలు, ఒక్కొక్కటే అడిగి మరీ చదివాడు. బయట మోటార్‌సైకిళ్ల మోత వినిపిస్తోంది. జనం వస్తున్నారని యమున మనసులోనే సంబరపడింది.

మూడింటికి పది నిమిషాలు తక్కువగా ఆమె బయటికొచ్చి చూసింది.

గ్యాలరీ ఖాళీ.

అరగంట కిందట సగం నిండిన మెట్ల మీద ఇప్పుడు సగం తిన్న మరమరాల పొట్లాలు, జెండాలు, ఒక చెప్పుల జత. గేటు దగ్గర టికెట్లు చింపే చిన్నతల్లి కూడా లేదు. మైదానంలో విజయవాడ జట్టు ఒళ్లు వేడెక్కించుకుంటోంది. మొత్తం గ్యాలరీకి ఒకే ఒక్క మనిషి, పైమెట్టు మీద, పొందూరు ఖద్దరు కండువా మెడలో వేసుకుని, కాగితాల ఫైలు ఒళ్లో పెట్టుకుని.

ప్రమోద్.

"ఏమండీ సెక్రటరీగారూ," అన్నాడు తీరిగ్గా, "ఓనర్లందరూ ఒక్కసారే లేచి వెళ్లిపోయారు. నిప్పంటుకుందేమో అనుకున్నాను. పెన్ను తెచ్చుకున్నారా, నాది ఇమ్మంటారా?"

ఆమె ఫోన్ మోగింది. కోచ్ పైడిరాజు.

"ఏటి సేసినావమ్మా నువ్వు? ఇక్కడ పద్దెనిమిది మందికి మూడొందల బళ్లొచ్చినాయి! ఆటోలు, ట్రాక్టర్లు, బెల్లం వ్యాను, ఆఖరికి పెళ్లి బేండు వాళ్ల జీపు కూడా! సర్వీసు రోడ్డు జామ్. గోల్‌కీపర్ని ఒక సెయ్యి పట్టుకుని ఇద్దరు, ఇంకో సెయ్యి పట్టుకుని ముగ్గురు లాగతన్నారు. నా బండెక్కంటే నా బండెక్కని!"

యమునకి అప్పుడు అర్థమైంది. తను 'ఎవరైనా' అని రాసింది. ఈ క్లబ్‌లో ఎవరైనా అంటే అందరూ. ఐదొందల నలభై మందిలో ప్రతి ఒక్కరూ ఇది తమ పనే అనుకున్నారు. జవాబు టైపు చెయ్యడానికి కూడా ఆగకుండా బండి తాళం తీశారు.

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండిటికీ టైం లేదు.

"బాబూ, స్పీకర్‌లో పెట్టు. గట్టిగా పట్టుకో."

"పెట్టినాను. సెప్పు."

"అందరూ వినండి!" ఆమె అరుపుకి విజయవాడ గోల్‌కీపర్ కూడా ఇటు తిరిగాడు. "షేరు నంబరు వరస! ఒకటో నంబరు షేరు బండి మీద ఒకటో నంబరు జెర్సీ. రెండో నంబరు బండి మీద రెండో జెర్సీ. పద్దెనిమిది దాకా అంతే. మిగిలినోళ్లు వెనక రండి. నాలుగింటిలోపల అందరూ గ్యాలరీలో కూకోకపోతే క్లబ్ ఉండదు!"

అవతల నుంచి పైడిరాజు గొంతు, నీరసంగా.

"అమ్మా... ఒకటో నంబరు షేరు చిన్నతల్లిది. దాని దగ్గరున్నది టీవీఎస్ మోపెడ్."

"వరసంటే వరసే బాబూ!"

మూడు నలభై. మూడు నలభై ఐదు. జగన్నాధం గేటు దగ్గర, మనిషికో నొక్కు నొక్కి లెక్కపెట్టే మీట పట్టుకుని నిలబడ్డాడు. "నాలుగింటికి గేటు మూసేస్తాను," అన్నాడు.

మూడు యాభైకి బేండు వినిపించింది.

ముందు పెళ్లి బేండు జీపు, ఎవరు చెప్పారో ఏమో, ట్రంపెట్లు ఊదుకుంటూ. దాని వెనక మోపెడ్ మీద చిన్నతల్లి, హెల్మెట్ కింద కొప్పు, కొప్పులో చామంతులు. ఆమె వెనక ఆరడుగుల రెండంగుళాల గోల్‌కీపర్, మోకాళ్లు చెవులకి తగిలేలా ముడుచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని.

"కళ్లు తెరువురా, వచ్చేసినాం!" అందామె. "దారి పొడుగూనా దేవుళ్లని పిలిస్తే బండి బరువెక్కిపోనాది!"

తర్వాత ఆటో, ట్రాక్టరు, స్కూటరు. తొమ్మిదో బండి తిరుమలరావు బెల్లం వ్యాను. వెనక తలుపు తెరవగానే బెల్లం దిమ్మల మధ్య నుంచి స్ట్రైకర్ రమేష్‌బాబు దూకాడు, బుగ్గ ఉబ్బి ఉంది.

"ఏటి తింటన్నావురా?" అంది యమున.

"మావ తినమన్నాడక్కా!"

తిరుమలరావు యమునకి స్వయానా మేనమామ. సమావేశంలో క్లబ్ అమ్మేద్దామని అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు. ఇప్పుడు చెమటలు కక్కుతూ వ్యాను దిగాడు.

"అమ్మేద్దామన్నావు కదా మావా, నువ్వెందుకెళ్లావు?"

"అమ్మేదాకా నాదే కదే!" అని కసిరి, తువ్వాలు దులిపి, గేట్లోకి పరిగెత్తాడు.

వెనకే జనం. తోసుకుంటూ, అరుచుకుంటూ. జగన్నాధం వేలు మీట మీద టకటకలాడుతోంది. ఆడవాళ్లు, ముసలివాళ్లు, చెప్పులు వదిలేసి వెళ్లిన ఆయన. దూరంగా ఇంకో నలభై బళ్లు రోడ్డు మలుపులో ఇరుక్కుని హారన్లు కొడుతున్నాయి. వాళ్లకి అందదని యమునకి తెలిసిపోయింది.

నాలుగు. గేటు మూసుకుంది. విజిల్ పడింది. మైదానంలో ఆట మొదలైంది. గ్యాలరీలో ఎవ్వరూ ఆట చూడడం లేదు, అందరూ జగన్నాధం చేతి వైపే చూస్తున్నారు.

"నాలుగు వందల తొంభై తొమ్మిది," అన్నాడాయన.

బేండు ఆగిపోయింది.

"ఒక్కడు తక్కువ. నేనేం చెయ్యలేనమ్మా."

యమున కళ్లు మెట్లన్నీ తడిమాయి, కింద నుంచి పైదాకా. పైమెట్టు దగ్గర ఆగాయి.

"సార్," అంది నెమ్మదిగా. "మీరు లెక్కపెట్టింది గేట్లోంచి లోపలికొచ్చిన వాళ్లని కదా?"

"అవును."

"బయటికే వెళ్లని మనిషి ఒకడున్నాడు."

ఐదు వందల జతల కళ్లు పైకి తిరిగాయి. ప్రమోద్ ఫైలు చప్పున మూశాడు.

"నేను ప్రేక్షకుడిని కాదండీ. పని మీద వచ్చాను."

"టికెట్ ఉందా?" అన్నాడు జగన్నాధం.

ప్రమోద్ ఫైలు తీసి జేబుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఉన్నాది బాబూ!" చిన్నతల్లి గ్యాలరీ కింద నుంచి కేకేసింది. "నేనే సింపినాను. ఊరికే వదలమన్నాడు. ఓనర్లమే కొంటాం, నీకేటి స్పెషలని అడిగినాను. కండువా కూడా టికెట్‌తో ఇచ్చిందే. ఎడం జేబులో సూడండి!"

ప్రమోద్ ఎడం జేబులోంచి సగం చిరిగిన టికెట్ తీశాడు. ఎంత ఆపుకున్నా నవ్వు అతని మొహం మీదికి వచ్చేసింది.

"కొన్నానండీ. కొనందే ఆవిడ లోపలికి రానివ్వలేదు."

జగన్నాధం మీట మళ్లీ నొక్కాడు. టక్.

"ఐదు వందలు."

ఆ తర్వాత వచ్చిన కేకకి విజయవాడ డిఫెండర్లు ఏదో గోల్ పడిందనుకుని ఆగిపోయారు. బంతి రమేష్‌బాబు కాలి దగ్గరుంది. బెల్లం ఇంకా బుగ్గలోనే ఉంది. కొట్టేశాడు. గోల్!

నిజం చెప్పాలి. ఆ తర్వాత నాలుగు గోల్స్ తిన్నారు. మోపెడ్ దిగిన గోల్‌కీపర్‌కి సగం ఆటదాకా కాళ్లు నిలవలేదు. నాలుగు-ఒకటితో ఓడిపోయిన జట్టుని భుజాల మీద మోసుకుని మైదానం చుట్టూ మూడుసార్లు తిప్పారు. విజయవాడ వాళ్లు ఎవరు గెలిచారో తెలియక స్కోరు బోర్డు మళ్లీ చూసుకున్నారు.

గేటు దగ్గర ప్రమోద్ ఆగాడు.

"వచ్చే ఏడు ఏడొందల యాభై మంది కావాలట. రూలు మారుతోంది. నెట్టుకురాగలరా?"

"తెలీదు," అంది యమున. నిజంగానే తెలీదు. "మీరు షేరు కొంటారా? ఒక్కటే ఇస్తాం. ఐదొందల నలభై ఒకటో నంబరు."

"కొంటే ఏమిస్తారు?"

"వంతు. ఎల్లుండి పొద్దున్న మైదానం తడపాలి."

ప్రమోద్ ఫైలు చంకలో పెట్టుకున్నాడు. "ఎన్నింటికి?" అన్నాడు.

తిరుమలరావు వెనక నుంచి అరిచాడు. "ఒసే యమునా! బస్సు ఇంకా సిలకపాలెంలోనే ఉన్నాది! సోములు కూడా మాతో వచ్చేసినాడు! ఎవుర్నైనా పంపు!"

ఆమె ఫోన్ తీసింది. "బస్సు తేవడానికి ఎవరైనా" అని టైపు చేసి, ఉలిక్కిపడి, మొత్తం చెరిపేసింది. మళ్లీ జాగ్రత్తగా రాసింది: "బస్సు దగ్గరికి మెకానిక్‌ని తీసుకుని సోములు ఒక్కడే వెళ్లాలి. ఒక్కడే."

పంపింది. గ్రూపులో ఎవరూ జవాబివ్వలేదు.

గేటు బయట, ఒకదాని వెనక ఒకటి, బళ్లు స్టార్ట్ అవుతున్నాయి.