గోడలు దగ్గరకొచ్చిన ఏడాది

పొద్దున్నే షట్టరు ఎత్తగానే దర్జీ ఆవిడ ముందు మిషన్లకు నూనె వేస్తుంది. తర్వాత నేల ఊడ్చి, నిన్న రాలిన గుండుసూదులు ఏరుతుంది. ఆ ఏడాది ఇంకో పని వచ్చి చేరింది. ఈ గోడ నుంచి ఆ గోడకు కొలిచి చూసుకోవడం.

"ఎంత పోయింది అమ్మాయ్?" గొడుగు మూలన పెడుతూ అడిగాడు కాజాలు కుట్టే పెద్దాయన.

"బెత్తెడు."

"నయమే. గడియారాల కొట్టుకి నిన్న ఒక్కరోజే మూరెడు పోయిందట."

ఆ ఏడాది బేరాలు పడిపోయాయి. బేరాల్లేని కొట్టు కుంచించుకుపోవడం ఆ వీధిలో ఎవరికీ వింత కాదు. కొత్త నూలుగుడ్డ తడిస్తే కుంచించుకుపోదూ, అలాగే. ముందు అల్మారా బయటికొస్తుంది, తర్వాత కుర్చీలు, ఆ తర్వాత మనుషులు. చెప్పులు కుట్టేవాడి కొట్టు చిన్న పెట్టెంత అయ్యాక, దాన్ని చంకన పెట్టుకుని అత్తవారి ఊరు వెళ్ళిపోయాడు. పన్నుల గుమాస్తా వచ్చి అందరి కొట్లకూ కొత్త కొలతలు రాసుకున్నాడు గానీ పన్ను మాత్రం పాతదే ఉంచాడు. "పన్ను నైలానుదండీ, ఎన్నిసార్లు ఉతికినా కుంచించుకోదు," అన్నాడు గడియారాలాయన. ఆ నెలలో ఆ వీధి నవ్వింది ఆ ఒక్కసారే.

ధైర్యంగా ఉండమని చెప్పేవాళ్ళకు మాత్రం కరువు లేదు. బ్యాంకులో చెప్పారు, టీవీలో చెప్పారు, పెళ్ళిలో పక్కన కూర్చున్నవాళ్ళూ చెప్పారు. వాళ్ళెవరి గోడలూ కదలడం లేదు మరి. గోడ వచ్చి వీపుకు తగిలినవాడికి ఉపన్యాసం ఎందుకు? రేపు పొద్దున చేతిలోకి ఒక పని కావాలి.

ఆవిడ దిగులంతా పెద్దాయన గురించి. భర్త ఉన్న రోజుల నుంచీ ఆయన ఆ కొట్లో చేత్తో కాజాలు కుడుతున్నాడు. ఒంటిమనిషి. చూపు మందగించింది. ఆ స్టూలు తప్ప ఆయన వెళ్ళి కూర్చునే చోటు ఈ భూమ్మీద ఇంకోటి లేదు.

"వదినా, ముగ్గురం పట్టడం లేదు," అన్నాడు గుడ్డ కత్తిరించే మరిది. "ముసలాయన్ని ఇంటికి పంపెయ్."

"ఏ ఇంటికి?"

మరిది కత్తెర వైపు చూశాడు.

అప్పుడు ఆవిడకు ఒక ఉపాయం తట్టింది. గోడలకు కావాల్సింది పని చప్పుడే కదా అనుకుంది. దారం ఎక్కించకుండా, గుడ్డ పెట్టకుండా, రెండు మిషన్లూ మూడు రోజులు ఆపకుండా తొక్కించింది. నాలుగో పొద్దున షట్టరు ఎత్తితే రెండు మూరలు పోయాయి. కత్తిరింపు బల్ల నడుం విరిగి పడి ఉంది.

"గోడలు కనిపెట్టేశాయి," అన్నాడు మరిది.

"గోడలదాకా ఎందుకు, నాకే సిగ్గేసింది," అన్నాడు పెద్దాయన. "నా వయసులో ఖాళీ మిషను తొక్కడం ఇప్పుడే చూశాను."

ఆ మధ్యాహ్నమే మరిది ఒక గోదాములో బస్తాలు మొయ్యడానికి వెళ్ళిపోయాడు. రెండో మిషను ఇంటికి చేరింది. ఇంకో వారానికి కొట్లో ఒక మనిషే పట్టే చోటు మిగిలింది. పెద్దాయన సూదులన్నీ రేకుడబ్బాలో సర్దుకుని లేచాడు.

"నేను వెళ్తానమ్మా."

"కూర్చో బాబాయ్." ఆవిడ మిషను ఈడ్చుకుంటూ బయట కాలిబాట మీద పెట్టింది. "నీ కళ్ళకి దీపం కావాలి. నాకు ఎండ చాలు."

"వీధిలో కూర్చుంటావా? నలుగురూ చూస్తారే!"

"చూడనీ. లోపల కూర్చున్నన్నాళ్ళూ ఒక్కడూ చూడలేదు."

రెండు రోజులు ఊరికే కూర్చుంది. నెత్తిన ఎండ, ముందు దుమ్ము. మూడో రోజు బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారొకాయన ఆమె ముందు ఆగాడు. ఒక చెయ్యి మెడ దగ్గరే పెట్టుకుని ఉన్నాడు. తలెత్తి బోర్డు చదివాడు. "కొత్త బట్టలు మాత్రమే కుట్టబడును. మరమ్మతులు చేయబడవు." కొట్టు కుంచించుకుపోయింది గానీ బోర్డు కుంచించుకోలేదు. ఇప్పుడు కొట్టుకన్నా బోర్డే పెద్దది.

"మీరు పాతవి ముట్టుకోరు కదూ," అన్నాడు.

"చెయ్యి తియ్యండి చూద్దాం."

గడ్డం రాసుకుని రాసుకుని కాలరు మడత దగ్గర పీచుపీచైపోయింది. వాళ్ళ బడి మూతపడిందట. రేపు వేరే బళ్ళో మాట్లాడడానికి రమ్మన్నారట. ఉన్న మంచి చొక్కా అదేనట.

ఇరవై ఏళ్ళుగా పాతబట్ట పట్టుకొచ్చినవాళ్ళను ఆవిడ ఆ బోర్డు చూపించే తిప్పి పంపింది. మరమ్మతు తన చేతికి చిన్నతనం అనుకుంది. ఒక్క క్షణం బోర్డు వంక చూసింది.

"విప్పండి."

"ఇక్కడా?"

"లోపలికెళ్ళి మా బాబాయి ఒళ్ళో కూర్చుని విప్పండి. అంతకన్నా చోటు లేదు."

కాలరు కుట్లు విప్పింది. చిరిగిన వైపు అడుగుకు, బాగున్న వైపు పైకి తిప్పి మళ్ళీ కుట్టింది. మెడ దగ్గర వదులైన కాజాను పెద్దాయన బిగించాడు. మాస్టారు తొడుక్కుని, గొంతు దాకా గుండీలు పెట్టుకుని, కాలరు చుట్టూ వేలితో తడిమి చూసుకున్నాడు.

"కొత్త చొక్కాలా ఉందండీ."

"పాతదే. ఇంకో రెండేళ్ళు నడుస్తుంది. వెళ్ళి గట్టిగా మాట్లాడండి."

ఆయన వెళ్ళాక ఆవిడ బోర్డు దించి, పైన దుప్పటి పరిచి, ఇస్త్రీ బల్ల చేసుకుంది.

తర్వాత నర్సు వచ్చింది, డ్రైవర్లు వచ్చారు, ముగ్గురు పిల్లల తల్లి సంచినిండా లాగులు తెచ్చింది. ఊళ్ళో సగం మంది తిప్పిన కాలర్లతో తిరిగారు. ఒకరిది ఒకరు గుర్తుపట్టి, ఏమీ అనకుండా నడిచిపోయేవాళ్ళు. గోడలు ఆగాయి. పెరగలేదు, ఆగాయి అంతే. గడియారాలాయన కొట్టు మాత్రం ఆగలేదు. చివరికి దాన్ని జేబులో వేసుకుని ఆయన కూడా వెళ్ళిపోయాడు. ఆయనకు గుండెధైర్యం చాలలేదని ఎవరైనా అంటే చెంప పగలగొట్టాలి. ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ మనిషి ఆయన.

ఒకరోజు మరిది వచ్చాడు, మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంటుతో. ఆవిడ మాసిక వేసి ఇచ్చింది.

"రేపట్నుంచి వస్తావా? చేతినిండా పనుంది."

"ఎక్కడ కూర్చోను వదినా, నీ నెత్తి మీదా?"

నవ్వకుండానే అన్నాడు. ఆవిడ కూడా నవ్వలేదు.

వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి, కుండపోతగా వాన దిగింది. ఆవిడ ఒళ్ళో పదకొండు చొక్కాలున్నాయి, అన్నీ ఊళ్ళోవాళ్ళవే. లేచి పరుగెత్తే వ్యవధి లేదు. వాటిమీదికి ఒంగి, వీపు వానకు అప్పగించి, కళ్ళు మూసుకుంది.

చుట్టూ హోరు. వీపు మీద ఒక్క చినుకూ లేదు.

మెల్లగా తలెత్తింది. వాన ఆమెకు ముందు పడుతోంది, షట్టరు అవతల. కుడివైపు గోడ, ఎడంవైపు గోడ, పైన కప్పు. మిషను కాలిబాట మీద పెట్టినచోటే ఉంది, ఆవిడా కూర్చున్నచోటే ఉంది.

వెనక నుంచి పెద్దాయన, సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండానే అన్నాడు. "కాస్త జరుగు అమ్మాయ్. వెలుతురికి అడ్డం వస్తున్నావు."

ఆవిడ జరిగింది. జరగడానికి చోటుంది.