మాటల చోటు

పుష్పవతికి ‘గరిటె’ అన్న మాట పోయిన రోజున భర్త సాంబయ్య నవ్వాడు. నందిగామలో, ఇంట్లో, భోజనానికి కూర్చున్నారు.

"అదందుకోండి... పప్పు తిప్పేది," అంది.

"మీ జగ్గయ్యపేటలో దానికి పేరు పెట్టలేదా?" అన్నాడు.

"పెట్టారు. మీ నందిగామ నీళ్లకి కరిగిపోయింది."

తర్వాత చీపురు పోయింది, తాళం పోయింది, మంగళవారం పోయింది. సాంబయ్య నవ్వడం మానేశాడు. ఎనభై మూడులో హైదరాబాదు తీసుకెళితే, తలలో ఎడమవైపు గడ్డ ఉందన్నారు.

ఆపరేషన్‌కి ముందురోజు కుర్ర డాక్టరొకడు ఆమెని పరీక్షించాడు. పెన్ను చూపిస్తే పెన్నంది. గడియారం చూపిస్తే కాస్త తడుముకుని చెప్పింది.

"మీ ఆయన పేరు?"

తల వంచుకుంది. మళ్లీ అడిగితే కొంగు సర్దుకుంది.

"భర్త పేరు కూడా పోయింది సార్. మాట దాదాపు పోయినట్టే," అన్నాడు కుర్ర డాక్టరు, అప్పుడే వచ్చిన పెద్ద డాక్టరుతో.

సాంబయ్య లేచి నిలబడ్డాడు. అంతలోనే సంగతి తట్టింది.

"పోవడానికి అదెప్పుడుందండీ? పెళ్లినాడు మా చెల్లెళ్లు గడపకి అడ్డం నిలబడితే ఒక్కసారి గొణిగింది. మళ్లీ ఆ పేరెత్తితే ఒట్టు."

"చెప్పండమ్మా," అన్నాడు పెద్ద డాక్టరు.

"పార్వతమ్మ మొగుడి పేరేనండీ. చివర అయ్య తగిలించుకోండి."

పెద్ద డాక్టరు నవ్వి కుర్చీ లాక్కున్నాడు.

"మాట ఉందయ్యా. అయితే విను. గడ్డ మెదడులో మాటల చోటుని ఆనుకుని ఉంది. తల తెరిచాక దాన్లోంచి మినపగింజంత ముక్క తీస్తాం. పక్కగదిలో దాన్ని రెండు గాజుపలకల మధ్య నొక్కి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూస్తారు. తల తెరిచి ఉండగానే మాకు కబురొస్తుంది. చెడ్డదైతే, మాట పోయినా సరే, అందినంతా తియ్యాలి. మెల్లగా పెరిగే రకమైతే మాటల చోటు జోలికి పోం."

"పప్పు ఉడికిందా లేదా అని బద్ద నొక్కి చూసినట్టా?" అంది పుష్పవతి.

"అచ్చం అంతే."

"మాట పోనివ్వకండి," అన్నాడు సాంబయ్య. "నన్ను తిట్టడానికి ఇంకెవరున్నారు?"

"ఊళ్లో సగం మంది ఉన్నారు," అంది ఆమె.

మర్నాడు సాంబయ్య ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చున్నాడు. ముక్క పక్కగదికి వెళ్లిందని నర్సు చెప్పాక టీ తెచ్చుకున్నాడు. చేతిలో టీ పూర్తిగా చల్లారకముందే కుర్ర డాక్టరు తలుపు తీశాడు.

"మెల్లగా పెరిగే రకమేనండీ."

సాయంత్రానికి పుష్పవతి కళ్లు తెరిచింది. చాలాసేపు అతన్నే చూసింది. అతను మంచం దగ్గరికి జరిగాడు.

"ఏవండీ, ఆ గడ్డం గీసుకోండి. నాకంటే మీరే రోగిష్టిలా ఉన్నారు."

గడ్డ చాలావరకు తీశారు. మాటల చోటుని ఆనుకుని ఉన్న ముక్కని మాత్రం అలాగే వదిలేశారు.