సబ్బు మేస్త్రీ

జాకీ మీద బండి వెనక భాగం లేచింది. ఇరుసు కిందికి వేలాడి స్ప్రింగులు సాగేదాకా ఆగి, సబ్బు మేస్త్రీ గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దొర్లాడు. మోకాళ్ళు టకటకమన్నాయి. అవి రోజూ అనేవే కనక ఆయన పట్టించుకోలేదు.

పక్కనే ట్రెయిలరు, దాని మీద టార్పాలిన్ కప్పి తాళ్ళతో బిగించిన లేతు మిషను. పొద్దున ఆ ట్రెయిలరు తగిలించి చూస్తే ఫోర్ వీల్ డ్రైవ్ బండి అంతటిదీ వెనక కూలబడింది. ముందు దీపాలు రోడ్డు వదిలేసి చెట్ల కొమ్మలు చూశాయి. అలా పోతే మలుపుల్లో స్టీరింగు మాట వినదు. వెనక స్ప్రింగుల లోపల గాలి తిత్తులు పెట్టి ఎత్తితేగాని ప్రయాణం కుదరదు. ఆ పని చెయ్యవలసినవాడు తనే. ఖర్మ కాకపోతే ఏమిటి!

బండి బావమరిదిది. ఆరడుగుల మనిషి. చిన్నప్పుడు అక్క పెట్టిన పేరు ప్రకారం ఇప్పటికీ పొట్టోడే. పెళ్ళై వస్తూ ఆవిడ తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ పోయింది గాని తమ్ముడు ఎక్కడికీ పోలేదు. పక్క షెడ్డులో లేతు పెట్టుకున్నాడు. రెండు షెడ్లకీ మధ్య రేకు గోడ. రేకు మీద ఒక దెబ్బ కొడితే టీకి రమ్మని, రెండు కొడితే ఓ చెయ్యి వెయ్యమని. ఇన్నేళ్ళూ వాళ్ళ మాటలు సగం ఆ రేకే మాట్లాడింది.

ఇప్పుడు విడిభాగాలన్నీ తయారుగా దొరుకుతున్నాయి. లేతు పట్టించుకునేవాడు లేడు. రేవు పట్నంలో ఎవరో మనిషినీ మిషన్నీ కలిపి రమ్మన్నారు. ఆ కబురు చెప్పిన రోజున పొట్టోడు అన్నం కలుపుతూ తలెత్తకుండానే అన్నాడు: “నువ్వూ రా బావా. అక్కడ మాత్రం బళ్ళు లేవా ఏంటి?”

మేస్త్రీ చూద్దాంలే అన్నాడు. ఒక్క మాటకే సరేనంటే, పిలుపు కోసం కాచుక్కూర్చున్నాడనుకుంటాడేమోనని బెట్టు. నిజం చెప్పాలంటే కాచుక్కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండాలంటే ఆయనకి భయం. మళ్ళీ అడిగితే చాలు, వెంటనే బయల్దేరదామని నాలుగు చొక్కాలూ, గుడ్డలో చుట్టిన రింగు స్పానర్లూ సంచిలో సర్దాడు. ఇవాళ పొద్దున్నే ఆ సంచి తెచ్చి కంప్రెసర్ వెనక పెట్టాడు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ ఇద్దరూ అడగని జాతే.

స్ప్రింగు మధ్యలో దెబ్బ కాచే రబ్బరు దిమ్మ ఉంటుంది. దాన్ని తీస్తేగాని తిత్తికి చోటుండదు. బోల్టుకి రింగు స్పానరు కావాలి. అదేమో సంచిలో ఉంది. పొట్టోడి ఎదుట ఆ సంచి విప్పడమెలా? మేస్త్రీ నోరు సైజు మార్చుకునే తిప్పుడు స్పానరుతోనే కుస్తీ పట్టాడు. అది జారింది, వేలి కణుపు చెక్కుకుపోయింది.

“రింగు స్పానర్లేవి బావా?” అని పొట్టోడు వంగి చూశాడు.

“ఎక్కడో పడేశాలే.”

పనిముట్టు ఎక్కడో పడేసే మనిషి కాదు బావ. పొట్టోడు రక్తం తుడుచుకోమని గుడ్డ అందించాడు.

దిమ్మలు ఊడాయి. మేస్త్రీ తిత్తిలో గాలంతా పిండేసి, చుట్టి, స్ప్రింగు చుట్ల సందులోంచి లోపలికి దూర్చాడు. రెండోదీ అంతే. వాటికి గాలి వెళ్ళే గొట్టాల్ని పొగగొట్టం వేడి తగలకుండా ఛాసీ వెంట కట్టుకుంటూ వచ్చి, నంబరు ప్లేటు పక్కన వాల్వులు బిగించాడు. కొద్దిగా గాలి పట్టి సబ్బునీళ్ళు పూశాడు. తను బిగించిన ఏ అతుకుకైనా సబ్బునీళ్ళు పుయ్యందే వదలడు. సబ్బు మేస్త్రీ అన్న పేరు అలా వచ్చిందే.

ఎడమవైపు అతుకు దగ్గర ఒక చిన్న బుడగ ఉబ్బింది. గొట్టం కాస్త ఏటవాలుగా తెగింది. దెబ్బ తగిలిన వేలితో కోసింది మరి.

పొట్టోడు ఆ బుడగ దగ్గరికి వంగి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: “ఉండనీ బావా. గాలి దిగితే మళ్ళీ నీ దగ్గరికే వస్తాగా.”

మేస్త్రీకి రోషం వచ్చింది. తను చేసిన పని కారుతుందా? గొట్టం లాగి, కొస నిటారుగా కోసి మళ్ళీ బిగించాడు. సబ్బునీళ్ళు పూశాడు. బుడగ లేదు.

“ఇంక దిగదు. ఈ బండికి నాతో పని పడదు, పో” అన్నాడు.

పొట్టోడు తలూపాడు. ట్రెయిలరు తగిలించారు. మేస్త్రీ గాలి పడుతూ, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచుదాకా చేత్తో కొలిచాడు. మూరా బెత్తెడు. ఖాళీ బండి ఎత్తు ఎంతో అంతే. దీపాలు మళ్ళీ రోడ్డు చూశాయి. ఇంత చక్కగా ఏ బండికీ కుదరలేదనిపించింది ఆయనకి.

పొట్టోడు తలుపు తీసి, కాలు లోపల పెట్టి ఆగాడు. “మరి నువ్వు...” అన్నాడు. “వేళకి తిను బావా” అన్నాడు.

మేస్త్రీ మడ్‌గార్డు మీద తట్టాడు. “గుంటల్లో మెల్లిగా పో” అన్నాడు.

బండి కదిలింది. అంత బరువుతోనూ వెనక భాగం ఊగలేదు. సందు చివర మలుపు తిరిగేదాకా చూశాడు. మళ్ళీ నీ దగ్గరికే వస్తానన్న మాట అప్పుడర్థమైంది. వాడలా రెండోసారి అడిగాడు. తను బుడగ మూసేశాడు. సందు చివరిదాకా పరిగెత్తాడు, మోకాళ్ళు సహకరించినంత మేర. రోడ్డు మీద ఎవరెవరి బళ్ళో పోతున్నాయి.

తిరిగొచ్చి సబ్బునీళ్ళు పారబోశాడు. నేల ఊడ్చాడు. టీ వేళకి చెయ్యి దానంతటదే లేచి రేకు మీద ఒక దెబ్బ కొట్టింది. అవతల ఖాళీ షెడ్డు కనక ఎప్పుడూ లేనంత గట్టిగా మోగింది. తలుపు కిందికి లాగి, తాళం వేసి వెళ్ళిపోయాడు.

కంప్రెసర్ వెనక సంచి అలాగే ఉంది, స్పానర్ల బరువుకి ఒక పక్కకి ఒరిగి.