పదమూడు, పద్నాలుగు గడులు

డోన్‌లో మా మామగారు శేషన్న పెళ్లిపత్రికల ప్రెస్సు నడుపుతారు. అచ్చుకు పోయే ముందు ప్రతి కాగితమూ నా దగ్గరికొస్తుంది. పన్నెండేళ్లుగా ఎర్రపెన్నుతో ఎంతమంది వరుల పేర్లు బాగుచేశానో. వరుల్ని బాగుచేసే పెన్ను మాత్రం ఇంకా రాలేదు.

కర్నూలులో ఓ నెట్‌వర్క్ కంపెనీలో ఒకే ఒక్క ఉద్యోగం పడింది. వయసు ముప్పై ఆరు నిండి ఉండకూడదన్నారు. నాకు పై నెలకు ముప్పై ఆరు. ఇంజనీరింగ్ నాటి పుస్తకం అటక మీంచి దించి, పోపు వేస్తూ వల్లెవేశాను. తీగలో పోయే సమాచారపు మూటను ఫ్రేమ్ అంటారు. అందులో రెండేసి అంకెల గడులు వరుసగా ఉంటాయి. మొదటి ఆరూ ఎవరికో, తర్వాతి ఆరూ ఎవరి నుంచో చెబుతాయి. పదమూడు, పద్నాలుగు గడులు చూస్తే లోపలున్నది ఏ రకమో తెలుస్తుంది. 0800 అయితే ఐపీ, 0806 అయితే ఏఆర్‌పీ. పత్రిక మూలలకు పసుపుంటే విప్పకుండానే శుభమని తెలిసినట్టు.

పరీక్షలో అయిదు ఫ్రేములిచ్చి రకం రాయమన్నారు. నాలుగు గబగబా రాసేశాను. అయిదోదాంట్లో ఆ చోట 8100 ఉంది. నా పుస్తకంలో అలాంటి రకం లేదు. నాకు తెలియనిది అచ్చుతప్పే అయ్యుండాలి కదా. కొట్టేసి 0800 అని దిద్ది, ఐపీ అని రాశాను. పక్కన ‘అచ్చుతప్పు, గమనించగలరు’ అని కూడా రాశాను.

పేపరు దిద్దిన శివాని నాకంటే పదేళ్లు చిన్నది. పిలిచి కూర్చోబెట్టింది.

“అక్కా, 8100 రకం కాదు. ఫ్రేము ఏ విభాగానిదో చెప్పే చీటీ మధ్యలో అతికించినారని గుర్తు. అది కనపడితే దాంతో కలిపి నాలుగు గడులు దాటి చూడల్ల. ఆడ 0806 ఉండాది చూడు.”

ఉంది. నేను అంతవరకూ చదవనే లేదు.

మిగతా నాలుగూ సరే కదా అన్నాను. అయిదూ సరిగ్గా రాసినవాడు ఒకడున్నాడట.

“తెలీదని వదిలేసింటే కూడా బాగుండు గదక్కా. ప్రశ్ననే కొట్టేస్తివే.”

మళ్లీ ఉద్యోగం ఎప్పుడు పడుతుందని అడిగాను. వచ్చే ఏడాదేమో అంటూ నా దరఖాస్తులో పుట్టినతేదీ చూసి, మాట మధ్యలో ఆపేసింది.

ఇంటికొచ్చేసరికి అత్త సోమక్క సంగటి కెలుకుతోంది. రాలేదని చెప్పాను.

“పోనీలేమ్మా. నువ్వు పోతే ఈడ ఎవురు చూస్తారు?” అని నా పళ్లెంలో ఇంకో ముద్ద వేసింది.

సంతోషం దాచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు. నాకు కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. ఆకలేసింది, తిన్నాను.